తెర వెనక లెక్కలు: వెయ్యి చూపులకు ఎన్ని రూపాయలు?

చండ్రుగొండ నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. కొత్తగూడెంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడట. కొత్త సినిమా విడుదలైన రోజు మొదటి ఆట చూడకపోతే అన్నం సయించదట. ఆట విడిచాక బస్టాండులో నిలబడి, బస్సు వచ్చేలోపే ఆ సినిమా ఎలా ఉందో ఫోన్‌లో చెప్పేసి యూట్యూబ్‌లో పెట్టేస్తాడట. ఏడు నెలలుగా ఇదే పని. చూసేవాళ్లు వందల్లో ఉన్నారు. చేతికి పైసా రాలేదు.

"అన్నా, యాడ్స్ డబ్బులు నిజంగనే వస్తయా? వస్తే ఎన్ని వస్తయి? మంచి కెమెరా కిస్తుల మీద తీసుకుందామనుకుంటున్న. మాకు నాలుగెకరాల పామాయిల్ తోట ఉంది. నాయనకు ఇంకా చెప్పలే."

నాయనకు ఇంకా చెప్పలే! ఆ ఒక్క ముక్క కోసమే ఈ వారం కాలమ్ అంతా ఈ ఉత్తరానికే ఇచ్చేస్తున్నాను. తారల పెళ్లి కబుర్ల కోసం ఈ పేజీ తిప్పినవాళ్లు నన్ను క్షమించి పక్క పేజీకి వెళ్లవచ్చు. ఫోన్ చేతిలో ఉన్న ప్రతి కుర్రాడూ ఏదో ఒక రాత్రి ఇదే లెక్క వేసుకుంటున్నాడు గనుక, ఉండి చదివితే నష్టమేమీ లేదు.

ముందు, డబ్బు నిజమే. వస్తుంది. ఎక్కణ్ణించి వస్తుందో తెలియాలంటే పాత సినిమాహాలు గుర్తు చేసుకోవాలి.

ఇంటర్వెల్‌లో దీపాలు వెలిగేముందు తెరమీద స్లైడు పడేది, గుర్తుందా? గాజు పలక మీద చేత్తో రాసిన అక్షరాలు. బట్టల కొట్టు, ఎరువుల దుకాణం, ఫోటో స్టూడియో. నేల టికెట్ వాడు సోడా కోసం లేస్తూ ఓ చూపు చూసేవాడు. ఆ చూపుకే కొట్టు యజమాని నెలకింతని హాలుకు కట్టేవాడు. సినిమా తీసింది హాలువాడు కాదు, బట్టలు నేసిందీ హాలువాడు కాదు. జనాన్ని ఒకచోట కూర్చోబెట్టినందుకు అతనికి దక్కిన కూలి అది. మీరు చదువుతున్న ఈ పత్రికా అంతే. మీరిచ్చే వెల కాగితానికీ అచ్చుకూ చాలదు. మిగతాది ప్రకటనలు మోస్తాయి.

ఇంటర్నెట్‌లో జరిగేదీ స్లైడు వ్యవహారమే. ఒక తేడా మాత్రం ఉంది. అక్కడ మీ ఛానల్‌నో సైటునో ఎవరైనా తెరిచిన ప్రతిసారీ, రెప్పపాటులో ఒక వేలంపాట జరుగుతుంది. చూస్తున్నవాడు ఏ ఊరివాడు, ఏ భాషవాడు, ఇంతకు ముందు దేనికోసం వెతికాడు అనేవి చూసుకుని కంపెనీలు పాట పాడతాయి. గెలిచినవాడి స్లైడు పడుతుంది. పాటలో వచ్చిన డబ్బులో గూగుల్ తన వాటా తీసుకుని మిగతాది మీకిస్తుంది. మామూలు నిడివి వీడియో అయితే మీకు 55 శాతం. షార్ట్స్ అయితే ముందుగా సంగీతం హక్కుదార్ల భాగం తీసేసి, మీ వంతుకు లెక్కగట్టిన దాంట్లో 45 శాతం. సొంత సైటు అయితే, ప్రకటన గూగుల్ ద్వారానే కొన్నప్పుడు సుమారు 68 శాతం మిగులుతుంది.

గూగుల్ ఈ సైట్ల ప్రకటనల వ్యాపారం, అదే యాడ్‌సెన్స్, మొదలుపెట్టింది 2003లో. కానీ తెలుగులో రాసేవాళ్లకు అది అధికారికంగా తలుపు తీసింది 2018లోనే! హిందీకి 2014లో, తమిళానికి 2018 మొదట్లో తీశాక మన వంతు వచ్చింది. అంటే పదిహేనేళ్ల పాటు తెలుగులో సైటు నడిపినవాళ్లంతా ఒంటికాలి మీద నిలబడి నడిపారన్నమాట. సినిమా సైట్లు చాలావరకు ఇంగ్లీషులో ఎందుకు మొదలయ్యాయో ఇప్పుడు తెలిసిందా? విషయం తెలుగు సినిమా, రాత ఇంగ్లీషు. పైగా తొలి రోజుల్లో చదివేవాళ్లలో ఎక్కువమంది అమెరికాలో ఉన్న మనవాళ్లు. 1999లో పుట్టిన ఐడిల్‌బ్రెయిన్ సంగతే చూడండి. విడుదల రోజున సినిమా సంగతి తెలుసుకోవడానికి పరాయి దేశంలో ఉన్న తెలుగువాడికి అదొక కిటికీ అయింది. అప్పటికి ఆ కిటికీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని.

ఇప్పుడు లెక్కకు వద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

యూట్యూబ్ ప్రకటనల్లో వాటా ఇవ్వాలంటే 2018 జనవరిలో ఒక గీత గీసింది. వెయ్యిమంది సభ్యులు ఉండాలి, గడచిన 12 నెలల్లో జనం మీ వీడియోలు 4,000 గంటలు చూసి ఉండాలి. షార్ట్స్ దారిలో వచ్చేవాళ్లకైతే 90 రోజుల్లో కోటి చూపులు. 2023లో 500 మంది సభ్యులతో ఒక చిన్న గుమ్మం కూడా పెట్టారు గానీ, అందులోంచి వెళితే అభిమానులు ఇచ్చే చదివింపులు తీసుకోవచ్చు, ప్రకటనల వాటా మాత్రం రాదు. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కడూ సగటున నాలుగు నిమిషాలు చూస్తాడనుకుంటే 60,000 చూపులు కావాలి. ఈ 60,000 చూపులకూ మీకు వచ్చేది సున్నా. గుమ్మం దాటాకే మీటరు తిరుగుతుంది.

దాటారనుకుందాం. వెయ్యి చూపులకు మీ చేతికి 40 రూపాయలు వచ్చాయనుకుందాం. ఇది నేను లెక్కకోసం వేసిన అంకె. మీది 15 కావచ్చు, 100 కావచ్చు. నెలకు 50,000 చూపులొస్తే 2,000 రూపాయలు. అదీ వెంటనే రాదు. ఖాతాలో 100 డాలర్లు పోగయ్యేదాకా గూగుల్ డబ్బు పంపదు. మన రూపాయల్లో సుమారు తొమ్మిది వేలు. మన 40 రూపాయల లెక్కన 2,25,000 చూపులు, అంటే నాలుగున్నర నెలలు. కెమెరా కిస్తు మాత్రం నెలనెలా తప్పకుండా వస్తుంది తమ్ముడూ. దానికి గుమ్మమూ లేదు, గీతా లేదు.

అయితే ఆ వెయ్యి చూపుల ధర ఒకరికి 15, ఇంకొకరికి 100 ఎందుకయింది? అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

మళ్లీ స్లైడు దగ్గరికే వెళ్దాం. హాల్లో ఆరువందల మంది ఉన్నారు. అందులో ట్రాక్టరు కొనేవాడు ముగ్గురే ఉండవచ్చు. ట్రాక్టరు కంపెనీ ఆ హాలుకు ఎంతిస్తుంది? అదే ఓ చెట్టుకింద అరవై మంది కూర్చున్నారు, అరవైమందీ రైతులే, అందులో పదిమంది ఈ ఏడే ట్రాక్టరు కొనాలనుకుంటున్నారు. కంపెనీవాడు ఆ చెట్టుకింద జెండా పాతడానికి పరిగెత్తుకొస్తాడు! జనం పదోవంతే, ధర పదిరెట్లు. అందుకే అప్పులు, బీమా, పరీక్షల కోచింగు, యంత్రాల మీద మాట్లాడేవాళ్లకు వేలంలో పాట పైకి పోతుంది. సినిమా కబుర్లు చూసేవాడు ఏం కొంటాడో ఎవడికీ తెలియదు. కాబట్టి పాట నేలమీదే ఉంటుంది. సినిమా పత్రికలో కూర్చుని ఈ మాట రాయడం నాకు కాస్త చేదుగానే ఉంది. అయినా నిజం.

దానికి తోడు సినిమా విషయంలో ఇంకో చిక్కు. మీరు ఓ పాట ముక్కో, ట్రైలరు ముక్కో వీడియోలో కలిపారనుకోండి. 2007 నుంచి యూట్యూబ్ దగ్గర కంటెంట్ ఐడి అని ఒక కాపలాదారు ఉన్నాడు. వాడు ఆ ముక్కను పసిగట్టి హక్కుదారుకు కబురు పెడతాడు. అప్పుడు మీ వీడియో మీద వచ్చే డబ్బు ఆడియో కంపెనీకి పోవచ్చు, వీడియోనే ఆగిపోవచ్చు. హక్కుదారు నేరుగా ఫిర్యాదు చేసి, 90 రోజుల్లో మూడు దెబ్బలు పడ్డాయంటే ఛానలే ఎత్తేస్తారు. విమర్శ కోసం కొద్దిగా వాడుకునే వెసులుబాటు 1957 నాటి కాపీరైట్ చట్టంలో ఉంది, కాదనను. కానీ ఆ యంత్రం చట్టం చదవదు. మీరు అర్జీ పెట్టుకుని వాదించుకోవాలి. ఆ వాదన తేలేసరికి సినిమా ఓటీటీలోకి వచ్చేస్తుంది.

మూడో చిక్కు గురించి మా బోటివాళ్లం నోరు విప్పం. సినిమా ఒక్కదాని మీదే బతికే సైటుకూ ఛానలుకూ నేరుగా ప్రకటన ఇచ్చేది ఎవరు? నిర్మాతే. శుక్రవారం పొద్దున ఆయన స్లైడు మీ తెరమీద వెలుగుతుంటే, మధ్యాహ్నం ఆయన సినిమాకు మీరు రెండు నక్షత్రాలు వేయగలరా? వేసేవాళ్లు లేకపోలేదు, వాళ్లకు నమస్కారం. కానీ అద్దె కట్టాల్సిన నెలలో చెయ్యి రెండు నుంచి మూడుంపావుకు జరిగిపోవడం కూడా నాకు తెలియనిదేం కాదు. ప్రేక్షకుడు మీ మాట నమ్మి టికెట్ కొన్నాడు. వాడి నూటయాభై రూపాయలకు జవాబుదారీ ఎవరు?

"మరి గంగవ్వ?" అని మీరు అడగబోతున్నారని నాకు తెలుసు.

అడగాల్సిందే. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 'మై విలేజ్ షో' మొదలుపెట్టింది 2012లో. ఆ సంవత్సరం గుర్తు పెట్టుకోండి. ఊరి కట్టుబాట్లు, పండుగలు, పంచాయితీలు, పల్లెటూరి యాస, ఇవే సరుకు. శ్రీకాంత్ అత్తగారు గంగవ్వ కూలిపనికి వెళ్లి బతికిన మనిషి. కెమెరా ముందు ఆమె తన భాషలో తను తిట్టింది, నవ్వింది, అంతే! జనం విరగబడ్డారు. 2019లో 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' చిత్రాల్లో కనిపించింది. 2020లో బిగ్‌బాస్ నాలుగో సీజన్‌లోకి వెళ్లి, అయిదు వారాలకు ఆరోగ్యం బాగులేక తిరిగొచ్చి, ఆ తర్వాత సొంత ఇల్లు కట్టుకుంది. సినిమా వెనకాల ఆమె పోలేదు. సినిమాయే ఆమె గడప దగ్గరికి వచ్చింది. కానీ 2012కూ 2019కీ మధ్య ఏడేళ్లున్నాయి. మన తమ్ముడికి ఏడు నెలలయ్యాయి.

మరో ఉదాహరణ, గుంటూరు జిల్లా తెనాలి దగ్గర గుడివాడలో (కృష్ణా జిల్లా గుడివాడ అనుకునేరు, కాదు) మస్తానమ్మ. నూరేళ్లు దాటిన అవ్వ. 2016లో మునిమనవడు ఆమె వంట వీడియో తీసి పెట్టాడు. కూర్చునే పీట, మూడు రాళ్ల పొయ్యి, పుచ్చకాయ డొల్లలో వండిన కోడికూర. ప్రపంచమంతా చూసింది. సభ్యుల సంఖ్య పదిలక్షలు దాటింది. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూస్తే పరదేశాల పత్రికలు కూడా వార్త వేశాయి. స్టూడియో లేదు, లైట్లు లేవు, మేకప్ లేదు. ఈ ఇద్దరు అవ్వల దగ్గరా ఉన్నది ఒకటే. ఇంకొకరి దగ్గర దొరకనిది.

చండ్రుగొండలో అలాంటిదేముంది? అబ్బో! ఉత్తరంలో ఆ కుర్రాడే రాసి, తనే దాటి వెళ్లిపోయాడు. నాలుగెకరాల పామాయిల్ తోట!

తెలంగాణలో ఈ పంటకు పాత కాపురం మీ అశ్వారావుపేట, దమ్మపేట ప్రాంతమే. అశ్వారావుపేటలోనూ అప్పారావుపేటలోనూ ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలున్నాయి. ఇప్పుడు రాష్ట్రంలో మిగతా జిల్లాలవాళ్లు కొత్తగా ఈ మొక్క పెడుతున్నారు. పెట్టి మూడు నాలుగేళ్లు గెల కోసం కళ్లు కాయలు కాచేలా చూడాలి. ఆ నాలుగేళ్లూ వాళ్లకు వంద సందేహాలు. కొమ్ముపురుగు తగిలితే ఏం చెయ్యాలి? మధ్యలో కోకో వేస్తే కలిసొస్తుందా? ఎత్తయిన చెట్టు మీది గెల ఎలా కోయాలి? టన్ను గెలల ధర నెలనెలా ఎందుకు మారుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలవాడు మీ ఇంట్లోనే ఉన్నాడు. ఆయనకే కదా నువ్వింకా చెప్పలేదు!

నాయనను తోటలో నిలబెట్టి, ఫోన్ పట్టుకుని, నెలకు నాలుగు వీడియోలు. చూసేది రెండువేల మందే కావచ్చు. కానీ రెండువేల మందీ పామాయిల్ రైతులే. వేలంపాటలో ఎరువుల కంపెనీ, డ్రిప్ పైపుల కంపెనీ, ట్రాక్టరు కంపెనీ చెయ్యెత్తే జనం వాళ్లు. పైగా గూగుల్ వేలం కోసం ఎదురుచూడాల్సిన అవసరం కూడా లేదు. దమ్మపేటలో నర్సరీ వాడి దగ్గరికో, కొత్తగూడెంలో పనిముట్ల షాపు దగ్గరికో పోయి, 'నా వీడియో మొదట్లో మీ పేరు చెప్తాను, నెలకింత' అని అడగవచ్చు. పాత స్లైడు బేరమే. వెయ్యి సభ్యులు, నాలుగువేల గంటలు అని గుమ్మం దగ్గర ఆపేవాడు ఇక్కడ ఉండడు. ఒకటి మాత్రం తప్పదు. డబ్బు తీసుకుని చెప్పే మాటను ప్రకటన అని ముందే చెప్పాలి. 2021 జూన్ నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి నియమం అది.

అందరికీ తోట ఉండదు, ఒప్పుకుంటాను. తోట లేనివాళ్లకు అడవి ఉంది, ఇప్పపువ్వు ఉంది, కోయ డోలు ఉంది. మీ జిల్లా మణుగూరు ప్రాంతపు కంచుమేళం కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. సమ్మక్క సారలమ్మ కథ డోలు మీద చెప్పగలిగే పెద్దలు తగ్గిపోతున్నారు. వాళ్లను ఎవరు రికార్డు చేస్తారు? అయితే ఇందులో డబ్బు ఆశ పెట్టను. యాడ్‌సెన్స్‌కు తెలిసిన భాషల జాబితాలో కోయ లేదు. పాట గొప్పదే, వేలంలో ధర మాత్రం రాదు. ఏది ఎందుకు చేస్తున్నామో తెలిసి చేస్తే చాలు.

ఇక మన సినిమా పక్షులకు అలవాటైన ఒక జబ్బు గురించి. అభిమాన సంఘం! హీరో సినిమాకు కటౌట్ కట్టినట్టే, స్నేహితుడి ఛానల్‌కు 'సపోర్ట్' చేద్దామని ఇరవైమంది కూర్చుని ప్రకటనలు టకటకా నొక్కేస్తారు. నొక్కితే డబ్బులొస్తాయని ఎవరో చెప్పారు. గూగుల్ దీన్ని దొంగ నొక్కుడు కిందే లెక్క వేస్తుంది. వచ్చిన డబ్బు వెనక్కి తీసుకుంటుంది, ఖాతా మూసేస్తుంది. ప్రేమతో నొక్కారా, కుట్రతో నొక్కారా అన్న విచారణ ఉండదు. నీ ప్రకటన నువ్వు నొక్కినా అదే శిక్ష.

దీనికంటే పెద్ద గొయ్యి ఇంకొకటి ఉంది. చూపులు కాస్త పెరగగానే ఫోన్ మోగుతుంది. 'బ్రదర్, మా యాప్ పేరు ఒక్క నిమిషం చెప్పండి, పాతిక వేలు' అంటారు. నాలుగున్నర నెలలు కూర్చుంటే వచ్చేది తొమ్మిది వేలని ఇందాకే లెక్క కట్టాం కదా, మరి పాతిక వేలు ఒక్క నిమిషానికి! ఆ యాప్ పందేల యాప్ అయి ఉంటుంది. తెలంగాణలో 2017లోనే ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. 2025 మార్చిలో ఇలాంటి యాప్‌లకు ప్రచారం చేశారని హైదరాబాద్‌లో పోలీసులు యూట్యూబర్ల మీదా, సినిమావాళ్ల మీదా కేసులు పెట్టారు. ఆ ఏడాది ఆగస్టులో కేంద్రం చట్టమే చేసింది. డబ్బు పందేల ఆటలకు ప్రకటన చేస్తే రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా. జైలు సంగతి అటుంచండి. ఆ మాట విని ఫీజు డబ్బులు పందెంలో పెట్టేవాడు మీ క్లాసులో పక్క బెంచీ వాడే అవుతాడు.

మరో మాట. ఇంత కట్టుకున్నదీ ఇంకొకరి స్థలంలో కట్టుకున్న పందిరి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు మన పల్లెల్లో లక్షల అభిమానులున్న ఆటగాళ్లు తెల్లారేసరికి ఖాళీ చేతులతో లేచారు. అందుకని డిగ్రీ మానొద్దు. మూడో సంవత్సరం పూర్తి చెయ్యి. కెమెరా ఇప్పుడు వద్దు. పైన చెప్పిన రెండు అవ్వల ముందూ జనం కూర్చుంది కెమెరా కోసం కాదు. కావాలంటే చెవికి గాలి హోరు వినపడకుండా కాలరుకు తగిలించుకునే చిన్న మైకు ఒకటి కొనుక్కో. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం భరిస్తారు, మాట వినపడకపోతే మాత్రం లేచిపోతారు. సినిమాహాల్లోనూ అంతే కదా!

సినిమా సమీక్షలు పూర్తిగా మానాలా? అక్కర్లేదు. సరదాకు చెయ్యి. టికెట్ డబ్బు నీదైతే నక్షత్రాలూ నీవే.

చివరగా ఒక చిన్న సంగతి, చాలామంది ఇక్కడే తట్టుకుంటారు. ఖాతాలో 10 డాలర్లు పడగానే గూగుల్ మీ చిరునామాకు మామూలు తపాలాలో ఒక కార్డు పంపుతుంది. అందులో రహస్య నంబరు ఉంటుంది. ఇంత పెద్ద కంపెనీ, చివరికి నమ్మేది పోస్ట్‌మాన్‌నే! అది చేరడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు నెలల్లో ఆ నంబరు నమోదు చేయకపోతే ప్రకటనలు ఆగిపోతాయి. కనుక బ్యాంకు పాస్‌బుక్కులో, పాన్ కార్డులో ఉన్న పేరే ఖాతాలోనూ రాయాలి. 'ప్రిన్స్', 'రెబెల్' లాంటి అభిమాన బిరుదులు అక్కడ పనికిరావు. పాత అలవాటు కొద్దీ జిల్లా దగ్గర ఖమ్మం అని కొట్టేయకండి. 2016 అక్టోబరు నుంచి చండ్రుగొండ భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. ఇంటి నంబరు, పిన్‌కోడు సరిచూసుకుని, పోస్టాఫీసులో ఓ మాట చెప్పి ఉంచండి.

వచ్చే వారం: ఇంటర్వెల్ పాప్‌కార్న్ టికెట్ కంటే ఖరీదు ఎందుకయింది?